తేలని క్లెయిము, తడి కుర్చీ

ఈ ఏడాది నా కారు బీమా పునరుద్ధరణ నోటీసు ఫోనులోకి వచ్చింది. కిందటి ఏడాది కట్టిన ప్రీమియం పక్కన ఈ ఏడాది కట్టవలసినదాన్ని పెట్టి చూసుకున్నాను. రెట్టింపుకు కాస్త తక్కువ. ఉద్యోగ జీవితమంతా బీమా కార్యాలయంలోనే గడిపినవాడిని కనుక కారణం ఎవరినీ అడగనక్కరలేకపోయింది. మార్కాపురం కూరగాయల మార్కెట్టు దగ్గర నిలిపి ఉంచిన నా కారును ఒక ట్రాలీ ఆటో రాసుకుంటూ పోయింది. క్లెయిము పెట్టాను. అది ఇంతవరకు తేలలేదు. తేలకపోయినా పెట్టిన క్లెయిము క్లెయిమే కాబట్టి, ఇన్నేళ్లు ఏ క్లెయిమూ పెట్టకుండా సంపాదించుకున్న బోనసు రాయితీ మొత్తం పోయింది. నోటీసు అడుగున ఒక నీలం బటను ఉంది. "క్లెయిమును ఉపసంహరించుకొని మీ బోనసును తిరిగి పొందండి" అని దాని మీద రాసి ఉంది.

బటను మీద వేలు పెట్టబోయి ఆగాను. కొమరోలు మండలానికి చెందిన ఒక తాపీ మేస్త్రి గుర్తుకు వచ్చాడు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఏదైనా ఒక అనుభవం రాయమని మా విశ్రాంత ఉద్యోగుల సంఘం వారు చాలాకాలంగా అడుగుతున్నారు. నేను తప్పించుకుంటూ వచ్చాను. పేర్లు రాయకూడదన్నారు, అది సరే. పేర్లతో పాటు తేదీలు కూడా తీసేయకపోతే మనిషిని ఎవరైనా పోల్చుకుంటారు. తేదీలు లేకుండా రాయడమంటే నాకు చొక్కా గుండీలు పెట్టుకోకుండా బజారులోకి వెళ్లడం వంటిది. అయినా ఈ ఒక్కసారికి అలాగే వెళుతున్నాను. తేదీలన్నీ నా దగ్గర ఉన్నాయని మాత్రం నమ్మండి.

అప్పటి మా బ్రాంచి కార్యాలయం మార్కాపురంలో ఒక పలకల గోదాము మీద ఉండేది. కింద పలకలు కోసేటప్పుడు లేచే సన్నటి బూడిదరంగు పొడి మెట్లెక్కి వచ్చి మా ఫైళ్ల మీద కూర్చునేది. మా అటెండరు రోజుకు రెండుసార్లు తుడిచేవాడు. తుడిచిన గంటకు బల్ల మీద వేలితో పేరు రాసుకోవచ్చు. దొనకొండ నుంచి, కనిగిరి నుంచి, గిద్దలూరు అవతల పల్లెల నుంచి వచ్చేవాళ్లు మెట్ల మీద చెప్పులు విడిచి లోపలికి వచ్చేవారు. విడవనక్కరలేదని చెప్పినా వినేవారు కాదు.

మా మేనేజరు గారు గుంటూరు వైపు మనిషి. వచ్చిన రోజు నుంచీ బదిలీ కోసం ఎదురుచూశారు. కౌంటరులో కూర్చునే క్యాషియరమ్మది గిద్దలూరు. ఆమె మాట పదును, మనసు మెత్తన. నాకు వాళ్లు చాటుగా ఒక పేరు పెట్టుకున్నారు. నా బల్ల మీదికి వచ్చిన ప్రతి కాగితానికీ ముందు తేదీ ముద్ర వేసి, ఆ తరువాతే చదివేవాడిని. అందుకని 'ముద్ర సారు' అనేవారు. "మన సారు అన్నం తినేముందు క్యారేజీ మీద గూడ ముద్ర కొడతాడు" అని క్యాషియరమ్మ అనగా నేను విన్నాను. కొట్టలేదు గాని, కొట్టి ఉంటే పాచిపోయిన పప్పు ఏనాటిదో తెలిసేది కదా అనుకున్నాను.

మేస్త్రిని మొదటిసారి చూసింది ఆ కౌంటరు దగ్గరే. నలభై అయిదేళ్లు ఉంటాయి. ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. సిమెంటు తిన్న వేళ్లు. కూలి పనితో మొదలై మేస్త్రి అయ్యి, చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్లు కడుతూ, సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న కారు కొనుక్కున్నాడు. వాళ్ల పల్లెలో అదే మొదటి కారు. వరసగా అయిదేళ్లు మా దగ్గరే బీమా కట్టాడు, ఒక్క క్లెయిమూ పెట్టలేదు. అందుకని సొంత కారు నష్టానికి కట్టే భాగంలో అతనికి సగం రాయితీ ఉండేది. ఆ ఏడాది రాయితీ లేదు.

"ఏందమ్మా ఇది? పోయినేడు మూడువేల ఏడొందలు కట్టినా. ఇప్పుడు ఆరువేలంటివి."

"నేనెందుకు అంటానన్నా, కంప్యూటరు అంటాంది."

"దాన్నే అడుగు మల్ల, ఎందుకంటాందో."

"క్లెయిము పెట్టినావంట గదా. పెట్టినోళ్లకు బోనసు పోతాది."

"పెట్టినా. రూపాయి రాలా. ఇయ్యకుండానే తీసుకుంటారా?"

క్యాషియరమ్మ నా వైపు చెయ్యి చూపించింది. అతను నా బల్ల ముందుకు వచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నాను. కూర్చోలేదు. నేను ఫైలు తీయించాను.

జరిగింది ఇది. ఒక సాయంత్రం మేస్త్రి తల్లిని గిద్దలూరులో కంటి డాక్టరుకు చూపించి తిరిగి వస్తున్నాడు. వాళ్ల ఊరికి ముందు ఒక వాగు మీద చప్టా ఉంది. చప్టా మీద గొర్రెల మంద అడ్డం వచ్చింది. తప్పించబోయి, అంచున పాతిన నలుపు తెలుపు రంగుల సిమెంటు గుండును కారు ముందుభాగంతో గుద్దాడు. మనుషులకు ఏమీ కాలేదు. గొర్రెలకూ కాలేదు. మందను మేపుకుంటూ వచ్చిన కాపరులు మరునాటికి మరో ఊరు దాటిపోయారు. మేస్త్రి మాకు ఫోను చేశాడు. ఒంగోలు నుంచి సర్వేయరు గారు వెళ్లి చూశారు. నష్టం ఎలా జరిగిందో, ఎంత జరిగిందో చూసి రిపోర్టు రాసేవారిని మేము సర్వేయరు అంటాం. ఆయన నిక్కచ్చి మనిషి. ఎవరింట్లోనూ మంచినీళ్లు కూడా తాగేవారు కాదు. ఆయన రాసింది ఇది: కారు శుభ్రంగా కడగబడి ఉన్నది. బంపరు మార్చబడినది. వంగిన రేకు సాపు చేయబడినది. చెప్పిన రీతిలో ప్రమాదం జరిగినదనుటకు ఆధారములు లేవు. ఆధారములను పాలసీదారుడే తొలగించినాడు.

ఆ రిపోర్టు ఒంగోలులోని మా పై కార్యాలయానికి వెళ్లింది. వాళ్లు ఇమ్మనలేదు, వద్దనలేదు. "పరిశీలనలో ఉన్నది" అంటూ ఒక ఇంగ్లీషు ఉత్తరం మేస్త్రికి పంపారు. అందులో సర్వేయరు గారి చివరి వాక్యం అలాగే దింపారు.

"మా ఊరి బడి అయ్యవారు చదివి చెప్పినాడు సార్," అన్నాడు మేస్త్రి. "నేనే ఆధారాలు తీసేసినానని రాసినారంట."

"అది రిపోర్టులోని మాట."

"ఆ మాట తీసేపియ్యండి. డబ్బులు మీ ఇష్టం."

"బంపరు మార్చింది నిజమేనా?"

"నిజమే."

"కారు కడిగింది?"

"కడిగినాం సార్."

రెండు ప్రశ్నలకు రెండు జవాబులు వచ్చాయి. రెండూ రిపోర్టుతో సరిపోయాయి. ఎందుకు కడిగారన్న ప్రశ్నకు మా ఫారాలలో ఎక్కడా గడి లేదు. గడి లేని ప్రశ్న ఆ రోజుల్లో మా ఎవరి నోటికీ వచ్చేది కాదు. పై కార్యాలయానికి మరొక ఉత్తరం రాస్తానన్నాను. అతను ఆరువేలు లెక్కపెట్టి క్యాషియరమ్మకు ఇచ్చి, రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్లబోతూ వెనక్కి తిరిగాడు.

"చర్చిలో ఆదివారం కానుకల పెట్టె విప్పి లెక్కబెట్టేది నేనే సార్. మా నాయన చేసేటోడు, ఆయన తర్వాత నాకిచ్చినారు. ఆ ఉత్తరం వచ్చినాక పెట్టె ముట్టుకోలా. ఎవరూ ఏమనలా. నేనే మానుకున్నా. ఇది తేలేదాకా ముట్టుకోను."

అతను మెట్లు దిగాక క్యాషియరమ్మ నా వైపు చూడకుండా అంది, "తీసేసినోడైతే ఆ పెట్టె గురించి మనకెందుకు చెప్తాడు సార్?" తేదీ, అంకె లేని మాటను రుజువుగా తీసుకోకపోవడం నాకు అలవాటు.

ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మళ్లీ రాశాను. "పరిశీలనలో ఉన్నది" అని వచ్చింది. ఏడాది తిరిగి మేస్త్రి మళ్లీ పునరుద్ధరణకు వచ్చాడు. మధ్యలో ఒక సంవత్సరం కొత్త క్లెయిము లేకుండా గడిచినందుకు అతనికి ఇరవై శాతం రాయితీ తిరిగి మొదలైంది. అయితే ఎదుటివారికి జరిగే నష్టం కోసం కట్టే భాగం దేశమంతటా పెరిగింది. ఇటు తగ్గింది అటు పోయి, కౌంటరులో చెప్పిన మొత్తం మళ్లీ ఆరువేలు దాటింది. ఈసారి అతను ఎందుకని అడగలేదు.

"తేలిందా సార్?" అన్నాడు.

"తేలలేదు."

"పెట్టె వేరే ఆయన చూస్తాండాడు. కండ్లు సరిగ్గా కానరావు పాపం ఆయనకి."

అంతే అని, కట్టి వెళ్లిపోయాడు.

ఆ తరువాత కొన్ని వారాలకు ఆడిట్ వస్తున్నట్టు కబురు వచ్చింది. ఏడాదికి పైగా తేలకుండా పడి ఉన్న క్లెయిములన్నిటికీ ఆడిట్ నాటికి ఏదో ఒక ముగింపు చూపించాలి. మేనేజరు గారు నన్ను గదిలోకి పిలిచారు.

"ఏమండీ, ఆ కొమరోలు కారు సంగతి చూడండి. ఆడిట్‌లో అదొక్కటే పంటికింద రాయిలా ఉంది."

"ఉన్న కాగితాల మీద ముగించాలంటే తిరస్కరించాలి సార్."

"తిరస్కరిస్తే ఆ ఆధారాల వాక్యం అతని పేరు మీద శాశ్వతంగా ఉండిపోతుంది. ఆయనే విరమించుకుంటున్నానని రాసిచ్చాడనుకోండి, అసలు క్లెయిమే లేనట్టు కదా. పోయిన బోనసు తిరిగి వేయవచ్చు. ఆయనకూ లాభం, మనకూ తలనొప్పి ఉండదు."

నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. రిపేరు అంచనా పదిహేను వేలు. ఉన్న రిపోర్టు మీద అందులో రూపాయి కూడా వచ్చే వీలు లేదు. బోనసు పోయినందువల్ల మళ్లీ సగం రాయితీకి చేరేలోగా అతనికి అయ్యే నష్టం అంతా కలిపి అయిదువేల ఆరువందల చిల్లర. రాని సొమ్ము కోసం వచ్చే సొమ్ము వదులుకోవడం ఏ లెక్కకూ నిలబడదు. విరమణ పత్రం నేనే తయారు చేశాను. మూడు వాక్యాలు. సంతకానికి చోటు. అతన్ని పిలిపించి ఒక రోజు కూలి పోగొట్టడం ఎందుకని, నేనే వస్తున్నానని ముందురోజు ఫోను చేశాను.

"మీరొస్తారా సార్? మా ఊరికా?" అన్నాడు.

మార్కాపురం నుంచి గిద్దలూరు, గిద్దలూరు నుంచి కొమరోలు బస్సు. అక్కడి నుంచి ఆటో. చప్టా దాటుతుంటే ఆటో అతను, "ఇక్కడే మా మేస్త్రి గొర్రెలకు దండం పెట్టింది" అన్నాడు. ఎండ గట్టిగా ఉంది. బోర్లు పడని పొలాలు ఎర్రగా ఆరిపోయి ఉన్నాయి. పల్లెలోకి వెళ్లేసరికి మేస్త్రి ఇంటి ముందు వీధి మాత్రం నల్లగా తడిసి ఉంది. ఆ కరువులో ఎవరో బిందెలతో నీళ్లు చల్లారు. రేకుల పంచలో ఒక నీలం ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది. మేస్త్రి ఎదురువచ్చి బ్యాగు అందుకున్నాడు. నేను కూర్చున్నాను.

కూర్చున్న మరుక్షణం చల్లగా తగిలింది. కుర్చీ గాడుల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. నేను వేసుకున్నది ఇస్త్రీ చేసిన లేత రంగు ప్యాంటు. లేచి చూసుకునే వయసూ కాదు, హోదా కాదు. అలాగే కూర్చున్నాను. గడపలో కూర్చున్న మేస్త్రి తల్లి నా మొహం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆరలేదా నాయనా? ఇప్పుడే కడిగితిమి."

"ఎందుకమ్మా కడగడం?"

"ఆఫీసరు వస్తాండాడని మావోడు చెప్పె. దుమ్ము కుర్చీ ఎట్ల ఏస్తాం?" అని, మేస్త్రి వైపు తల ఊపి, "ముందొచ్చిన సారుకి గూడ అంతే గదా. కారంతా అద్దం మాదిరి కడిగి పెడితిమి. ఆ సారు చూసి మొగం మాడ్చుకునె. ఇంకా బాగా కడిగుంటే బాగుండేదేమో అనుకుంటిమి" అంది.

"నువ్వు ఊరుకోమ్మా," అన్నాడు మేస్త్రి.

"ఊరుకునేదేముందిరా. బంపరు ఊడి ఏలాడతాంటే, ముక్కు తెగినోడిని పెండ్లి చూపులకి కూర్చోబెట్టినట్టు ఉంటదని, కొమరోలుకు పోయి ఏరేది తెచ్చి బిగిచ్చినాడు నాయనా. వంకర రేకు కొట్టించినాడు. ఒంగోలు నుంచి అంత దూరం వచ్చే మనిషికి సొట్టల కారు చూపిస్తే మర్యాదేనా?"

పంచలో చేరిన ఇరుగుపొరుగువాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. నా వెనక చొక్కా అంచు దాకా తడి పాకుతోంది. సర్వేయరు గారి రిపోర్టులోని ఒక్కొక్క వాక్యం నా కళ్ల ముందు అలాగే ఉంది. కారు కడగబడి ఉన్నది. బంపరు మార్చబడినది. రేకు సాపు చేయబడినది. ప్రతి మాటా నిజం. ఇంటికి పెద్దమనిషి వస్తున్నాడంటే ఈ ఊరి వాళ్లు చేసే పనే కారుకూ చేశారు. మా ఆఫీసుకు వచ్చినప్పుడు మెట్ల మీద చెప్పులు విడిచేది కూడా ఈ మనుషులే.

బ్యాగులో ఉన్న విరమణ పత్రం బయటికి తీయలేదు. దానిలో మొదటి వాక్యం "ఈ క్లెయిమును నా ఇష్టపూర్వకముగా విరమించుకొనుచున్నాను" అని నేనే రాశాను. అతని ముందు అది చదవడానికి నాకు నోరు రాలేదు. దాని బదులు అడిగాను:

"పాత బంపరు ఏమైంది?"

మేస్త్రి తల గోక్కున్నాడు. ముసలమ్మ చెప్పింది, "ఎనకమాల ఉండాది. పిల్లి రాకుండా కోళ్ల గూటికి అడ్డం పెట్టినాం. దాన్నెవరు కడుగుతారు నాయనా, కోళ్లకేం మర్యాదలు?"

ఇంటి వెనక్కి వెళ్లాం. పగిలిన నల్ల బంపరు. కోళ్ల రెట్టలు పడ్డ వైపు తిప్పి చూస్తే, పగులు లోపల గరుకుగా తెల్లరంగు, దాని కింద నల్లరంగు, కొంచెం సిమెంటు పెచ్చు. రెండు వర్షాకాలాలు గూడు చూరు కింద ఉంది కనుక చెరగలేదు. దాన్ని కారు డిక్కీలో పెట్టుకుని చప్టా దగ్గరికి వెళ్లాం. అంచున వరసగా ఉన్న గుండ్లలో ఒకదానికి రంగు లేచిపోయి, ఒక మూల విరిగి ఉంది. బంపరును దాని పక్కన పట్టుకోమన్నాను. పగులు విరిగిన మూలకు ఎదురుగా వచ్చింది. ఆ గుండ్లకు ఏటా రంగు వేయవలసిన వారెవరో గాని, రెండేళ్లుగా వేయకపోవడం ఆ ఒక్కసారికి మేలు చేసింది.

మేస్త్రి బంపరు పట్టుకునే నిలబడి అన్నాడు, "ఇది చాలా సార్?"

"నాకు చాలు. రాసిన ఆయన మళ్లీ వచ్చి చూడాలి."

"వస్తాడా?"

"అడుగుతాను."

సర్వేయరు గారికి ఆ సాయంత్రమే గిద్దలూరు నుంచి ఫోను చేశాను. తాను సంతకం చేసిన రిపోర్టు తప్పంటే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. "నేను చూసింది రాశాను" అన్నారు. మీరు చూసింది నిజమే, చూడనిది ఒకటి మిగిలి ఉందన్నాను. మరుసటి వారం వస్తానన్నారు.

ఆయన వచ్చే ముందురోజు మేస్త్రికి గట్టిగా చెప్పాను, "రేపు ఏమీ కడగొద్దు. బంపరు ముట్టుకోవద్దు. కారు ఎలా ఉందో అలాగే ఉండాలి."

"సరే సార్." ఫోను పెట్టేయబోతూ, "కుర్చీ గూడనా?" అని అడిగాడు.

సర్వేయరు గారు వచ్చి మామూలుగానే మంచినీళ్లు వద్దన్నారు. భూతద్దంతో బంపరు చూశారు. చప్టా దగ్గర గుండు ఎత్తు, కారు ఎత్తు టేపుతో కొలిచారు. ఫోటోలు తీశారు. అంతా అయ్యాక మేస్త్రిని అడిగారు, "ఈ మాట ఆ రోజే ఎందుకు చెప్పలేదయ్యా?"

"మీరు అడగలా సార్. కారు చుట్టూ ఒకమారు తిరిగి రాసుకొని పోయినారు. నచ్చలేదేమో అనుకున్నా."

సర్వేయరు గారు ఆ టేపును చాలాసేపు చుట్టారు. ఆ తరువాత ముసలమ్మ దగ్గరికి వెళ్లి మంచినీళ్లు అడిగారు. ఆయన పాలసీదారుల ఇంట్లో నీళ్లు తాగడం నా సర్వీసులో నేను చూసింది అదొక్కటే.

అనుబంధ రిపోర్టు వచ్చింది. దాని మీద నేను నోటు రాశాను. ఎందుకు మళ్లీ సర్వే చేయించవలసి వచ్చిందో వరస తప్పకుండా రాశాను. మేనేజరు గారు చదివి కళ్లజోడు తీశారు.

"ఏమండీ, కుర్చీ తడిగా ఉన్నదని కూడా నోటులో రాస్తారా?"

"జరిగింది కదా సార్. తేదీ కూడా వేశాను."

"ఒంగోలు వాళ్లు నవ్వుతారండీ."

వాళ్లు నవ్వలేదు. ఎర్ర సిరాతో ఒక ప్రశ్న వేసి పంపారు: తడి కుర్చీకి, ఈ క్లెయిముకు గల సంబంధమేమి? నేను జవాబు రాశాను: అధికారి వచ్చుచున్నాడని తెలిసిన యెడల ఈ ప్రాంతమునందు కుర్చీని, కారును ఒకే కారణమున కడుగుదురు. ఆ నోటు మీద మేనేజరు గారు "నేను అంగీకరిస్తున్నాను" అని రాసి సంతకం పెట్టి, సంతకం కింద తేదీ వేశారు. ఆయన తేదీ వేయడం అరుదు. క్యాషియరమ్మ దాన్ని అటెండరుకు చూపించి, "ముద్ర సారు జబ్బు అంటుకుంది" అంది.

ఆడిట్‌కు ముందే క్లెయిము మంజూరైంది. పాత కారు కావడం వల్ల అరుగుదల కింద కోత, ప్లాస్టిక్ సామానుకు సగం కోత, పాలసీదారుడు భరించవలసిన వాటా, అన్నీ పోగా ఆరువేల నూట నలభై రూపాయలకు చెక్కు వచ్చింది. మేస్త్రికి కబురు చేశాం. అదే తెల్లచొక్కాతో వచ్చాడు. ఈసారి కూర్చోమంటే కూర్చున్నాడు. చెక్కు అతని ముందు పెట్టాను.

"ఇది తర్వాత సార్. ముందు కాగితం చదవండి."

మంజూరు ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చెప్పుకుంటూ చదివాను. మీరు తెలిపిన రీతిలోనే ప్రమాదము జరిగినదని తిరిగి చేసిన సర్వేలో నిర్ధారణ అయినది. ఆధారములను దాచు ఉద్దేశము మీకు లేదని కార్యాలయము భావించుచున్నది.

"దాచే ఉద్దేశం లేదని ఉందా?"

"ఉంది."

"మల్లొకసారి చదవండి సార్."

చదివాను. క్యాషియరమ్మ కౌంటరులో డబ్బు లెక్కపెట్టడం ఆపి వింటోంది. మేస్త్రి ఉత్తరాన్ని రెండు చేతులతో అందుకుని, "కింద రోడ్డులో జిరాక్సు ఉండాది గదా, అయ్యవారికొకటి, పాస్టరు గారికొకటి తీపిస్తా" అని లేచాడు. నేను ఉండబట్టలేక లెక్క చెప్పాను. నీకు వచ్చింది ఇంత, క్లెయిము పెట్టినందుకు నువ్వు పోగొట్టుకున్న, ఇంకా పోగొట్టుకోబోయే బోనసు ఇంత, మిగిలేది అయిదు వందల పైచిలుకు, నువ్వు మార్కాపురానికి తిరిగిన బస్సు చార్జీలు, పోయిన కూలి తీసేస్తే అదీ మిగలదు అన్నాను. అతను శ్రద్ధగా విన్నాడు. నా లెక్కను గౌరవించే మనిషి.

"సరిగ్గానే చెప్పినారు సార్. ఆదివారం నుంచి పెట్టె నేను చూస్తా."

మెట్లు దిగుతున్న చప్పుడు వినబడింది. క్యాషియరమ్మ లేచి కిటికీలోంచి వంగి అరిచింది.

"అన్నా, చెక్కు మర్చిపోయినావు."

ఆ తరువాత ఏళ్లు ఎన్నో గడవకుండానే నేను రిటైరయ్యాను. మేనేజరు గారికి కోరుకున్న బదిలీ వచ్చింది. వెళ్లేరోజు మా అందరి కంటే ఎక్కువ బాధపడింది ఆయనే. సర్వేయరు గారు ఇప్పుడు లేరు. క్యాషియరమ్మ గిద్దలూరులో మనవరాలిని బడికి దింపి, తెచ్చుకుంటోంది. కింద పలకల గోదాము పోయి సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. పైన మా బ్రాంచి కూడా లేదు. దుమ్ము లేని ఆఫీసులో మీరు పని చేస్తున్నారు. మంచిదే. నాకు మాత్రం అప్పుడప్పుడు బల్ల మీద వేలితో గీయబుద్ధవుతుంది.

ఇక నా కారు సంగతి. క్లెయిము పెట్టిన మరునాడు సర్వేయరు రేపు పది గంటలకు అందుబాటులోకి వస్తారని ఫోనులో సందేశం వచ్చింది. మా ఆవిడ అది విని పొద్దున్నే వాకిలి కడిగి, వరండాలో కుర్చీ వేసింది. కారు జోలికి మాత్రం పోవద్దని నేను ముందే చెప్పాను. పది గంటలకు ఫోను మోగింది. తెర మీద ఒక అబ్బాయి మొహం కనిపించింది.

"అంకుల్, ఫోన్ కొంచెం లెఫ్ట్‌కి తిప్పండి. ఇంకొంచెం. మీ షాడో పడుతోంది అంకుల్."

తిప్పాను. నా నీడ పడకుండా పక్కకు జరిగాను. మూడు నిమిషాల్లో అయిపోయింది. గీతలు పాతవో కొత్తవో ఫోటోలలో స్పష్టంగా లేదని సాయంత్రం మరో సందేశం వచ్చింది. ఆ అబ్బాయి తప్పేమీ లేదు. కనిపించింది రాశాడు. అప్పటి నుంచి అది పరిశీలనలోనే ఉంది.

పునరుద్ధరణ గడువు ఈ వారంతో తీరుతుంది. లెక్క వేశాను. రిపేరు చిన్నది, బోనసు పెద్దది. ఈ రోజే ఆ నీలం బటను నొక్కితే నాకు లాభమని లెక్క స్పష్టంగా చెబుతోంది. ఎవరైనా నన్ను సలహా అడిగితే నొక్కమనే చెబుతాను. నేను పెరిగిన ప్రీమియం పూర్తిగా కట్టేసి, క్లెయిము కింద ఉన్న గడిలో నాలుగు మాటలు టైపు చేశాను. ప్రమాదం జరిగింది నిజం. దయచేసి ఒక మనిషిని పంపండి.

"ఎప్పుడొస్తారంట?" అని అడిగింది మా ఆవిడ.

"తేదీ చెప్పలేదు," అన్నాను.

ఆమె ఆ మాట పట్టించుకోలేదు. కుర్చీ ఎత్తుకుని పంపు దగ్గరికి తీసుకువెళ్లింది. కడిగాక నేనే వెళ్లి దాన్ని ఎండలోకి జరిపి, గాడుల్లో నిలిచిన నీళ్లు పోయేలా ఒక పక్కకు వంచి పెట్టాను.